నేల ఒకరిది, నీరు ఒకరిది: మోంటానా ప్రజావనరుల చిక్కుముడి

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో వేటకో, చేపలు పట్టడానికో బయలుదేరేవారు ముందుగా ఒక రంగుల పటం చూసుకుంటారు. అందులో ఆకుపచ్చ రంగు వేసినది జాతీయ అటవీ భూమి, పసుపు రంగు వేసినది భూ నిర్వహణ బ్యూరో అధీనంలోని భూమి. ఈ రెండూ కేంద్ర ప్రభుత్వానివే. నీలం గళ్లు రాష్ట్ర ప్రభుత్వానివి. రంగు వేయకుండా తెల్లగా వదిలినవి ప్రైవేటు భూములు. చాలా ప్రాంతాల్లో ఈ రంగులు కొండల వాలునో వాగుల వంపునో అనుసరించవు. ఒక్కో గడి ఒక చదరపు మైలు చొప్పున, అంటే 640 ఎకరాల చొప్పున, చదరంగం బల్లలా పరచుకుని ఉంటాయి. పసుపు గడిలో నిలబడిన మనిషి మూలన తగిలే మరో పసుపు గడిలోకి అడుగు వేయాలంటే ఆ కాలు క్షణం పాటు రెండు తెల్ల గళ్ల మీది గాలిలోంచి పోవాలి. అది ప్రైవేటు భూమిలోకి చొరబడటం అవుతుందా, కాదా అన్నది అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో కోర్టుల దాకా వెళ్లిన ప్రశ్న.

ఆ గళ్లు ఎలా ఏర్పడ్డాయో, ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి మారాయో తెలుసుకుంటే గాని మోంటానాలో ప్రజల ఆస్తి అన్న మాటకు అర్థం బోధపడదు. ఆ రాష్ట్ర విస్తీర్ణం సుమారు 3 లక్షల 80 వేల చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినా అంత ఉండవు. జనాభా మాత్రం 2020 లెక్కల ప్రకారం 10 లక్షల 84 వేలు. మొత్తం 9 కోట్ల 30 లక్షల ఎకరాల్లో దాదాపు 29 శాతం కేంద్ర ప్రభుత్వం చేతిలో ఉంది. అయితే ఈ శాతాలు అసలు సంగతిని చెప్పవు. నేల, నేల కింది ఖనిజం, నేల మీద పారే నీరు, ఆ నీటి అడుగున ఉన్న నదీగర్భం, చివరికి ప్రభుత్వ కార్యాలయంలోని కాగితం, వీటిలో ప్రతి ఒక్కటీ వేర్వేరు కాలాల్లో, వేర్వేరు తగాదాల తర్వాత ప్రజలదయింది, లేదా ప్రజలది కాకుండా పోయింది.

మొట్టమొదటి మార్పిడి మూలవాసుల నుంచి జరిగింది. క్రో అని బయటివారు పిలిచే అప్సాలుకే ప్రజలకు 1851 నాటి ఫోర్ట్ లారమీ ఒప్పందం నేటి మోంటానా, వయోమింగ్ ప్రాంతాల్లో సుమారు 3 కోట్ల 80 లక్షల ఎకరాలను గుర్తించింది. 1868 ఒప్పందంతో అది 80 లక్షల ఎకరాలకు పడిపోయింది. ఇప్పుడు వారి రిజర్వేషన్ సరిహద్దుల్లో మిగిలింది సుమారు 23 లక్షల ఎకరాలు. రిజర్వేషన్ అనగానే మనకు చదువులు, ఉద్యోగాల కోటా గుర్తొస్తుంది. అక్కడ ఆ మాటకు అర్థం, మూలవాసులు తమ కోసం అట్టిపెట్టుకున్న నేల. ఈ అట్టిపెట్టుకోవడం అన్న భావన కిందికి వచ్చేసరికి చాలా ముఖ్యమవుతుంది. మోంటానాలో అలాంటి రిజర్వేషన్లు ఏడు ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ భూములని ఈనాడు పిలిచే వాటిలో ఎక్కువ భాగం ఈ ఒప్పందాల ద్వారా, ఆ ఒప్పందాల ఉల్లంఘనల ద్వారా కేంద్రానికి దఖలు పడినవే. ప్రజావనరుల గురించి మాట్లాడేటప్పుడు ఈ మొదటి పుటను తిప్పేసి ముందుకు పోవడం న్యాయం కాదని నా అభిప్రాయం.

1862లో బానక్ దగ్గర, మరుసటి ఏడాది ఆల్డర్ గల్చ్‌లో, 1864లో ఇప్పటి రాజధాని హెలెనా ఉన్న చోట బంగారం దొరికింది. 1864లోనే మోంటానాను ప్రత్యేక టెరిటరీగా, అంటే ఇంకా రాష్ట్ర హోదా రాని ప్రాంతంగా, ప్రకటించారు. అదే ఏడాది నార్తర్న్ పసిఫిక్ రైల్వే కంపెనీకి, పట్టాలు వేసే దారికి ఇరువైపులా ఒక గడి విడిచి ఒక గడి చొప్పున కేంద్రం భూమిని దానం చేసింది. చదరంగం బల్ల పుట్టింది అక్కడే. రైలు వస్తే పక్క గళ్ల ధర పెరుగుతుందని, వాటిని అమ్ముకుని దానమిచ్చిన దాని విలువను రాబట్టుకోవచ్చని అప్పటి లెక్క. 1883లో లైను పూర్తయింది. కంపెనీ గళ్లలో కొన్ని కలప సంస్థలకు, కొన్ని పశుపాలకులకు చేరాయి. మధ్యలో అమ్ముడుపోని ప్రభుత్వ గళ్లు చుట్టూ ప్రైవేటు భూమితో దారి లేని దీవుల్లా మిగిలిపోయాయి.

నీలం గళ్ల సంగతి వేరు. 1889లో మోంటానా రాష్ట్రమైనప్పుడు, పాఠశాలల పోషణ కోసం ప్రతి టౌన్‌షిప్‌లోనూ 16వ, 36వ సెక్షన్లను కేంద్రం రాష్ట్రానికి అప్పగించింది. టౌన్‌షిప్ అంటే ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు గల చతురస్రం. అందులో 36 సెక్షన్లు, ఒక్కోటి ఒక చదరపు మైలు. అంటే ప్రతి 36 గళ్లలో రెండు గళ్లు బడి పిల్లలవి. మొదటి రోజుల్లో చాలా రాష్ట్రాలు ఇలాంటి భూముల్ని అయినకాడికి అమ్ముకున్నాయి. ఆ అనుభవంతో మోంటానా విషయంలో ఎకరా పది డాలర్లకు తక్కువకు అమ్మరాదని కేంద్ర చట్టంలోనే రాశారు. అందువల్ల సుమారు 52 లక్షల ఎకరాలు ఇప్పటికీ రాష్ట్రం చేతిలో ఉన్నాయి. మేత, సాగు, కలప, చమురు కౌలు మీద వచ్చే ఆదాయం బడులకు చెందుతుంది. భూమి అమ్మితే వచ్చిన సొమ్ము శాశ్వత నిధిలో చేరుతుంది, దాని అసలు ముట్టుకోకూడదు. గవర్నరు, అటార్నీ జనరల్, విద్యాధికారి సహా ఓటర్లు నేరుగా ఎన్నుకున్న ఐదుగురు బోర్డుగా కూర్చుని ఈ భూముల వ్యవహారం చూస్తారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. నీలం గడి ప్రజలందరి ఆటస్థలం కాదు. అది ఒక ట్రస్టు ఆస్తి, లబ్ధిదారు బడి. అడవిని నరకకుండా చూడాలనే పౌరుడూ, కలప అమ్మి బడికి డబ్బు తేవాలనే బోర్డు సభ్యుడూ ఇద్దరూ ప్రజాప్రయోజనం పేరుతోనే మాట్లాడతారు, ఇద్దరి మాటకూ చట్టంలో ఆధారం దొరుకుతుంది.

నేల మీద గళ్లు ఇలా ఉండగా, నేల కింది సంపద ఒకే చోట పోగుపడింది. 1880ల ఆరంభంలో మార్కస్ డేలీ అనే గనుల వ్యాపారి బ్యూట్ పట్టణంలో వెండి గని అనుకుని కొన్న అనకొండాలో మందమైన రాగి పొర బయటపడింది. సరిగ్గా అప్పుడే ప్రపంచం విద్యుత్ తీగలు వేసుకోవడం మొదలుపెట్టింది. డేలీకి పోటీదారు విలియం క్లార్క్. 1889లో రాష్ట్ర రాజ్యాంగాన్ని రాసిన సభకు అధ్యక్షుడు ఈ క్లార్కే. గనుల మీద పన్నును ఖర్చులన్నీ పోగా మిగిలిన నికర ఆదాయం మీదే వేయాలన్న ఏర్పాటు ఆ రాజ్యాంగంలో చోటుచేసుకుంది. రైతు తన పొలం మొత్తం విలువ మీద పన్ను కట్టాడు. గని యజమాని తన ఖాతా పుస్తకంలో తాను చూపిన మిగులు మీద కట్టాడు. రాష్ట్రంలోకెల్లా గొప్ప వనరు మీద ప్రజలకు దక్కే వాటా దశాబ్దాల పాటు స్వల్పంగా ఉండిపోవడానికి మూలం ఇదే. 1919లో లూయీ లెవిన్ అనే ఆర్థికశాస్త్ర ఆచార్యుడు ఈ పన్నుల తీరును పరిశోధించి ప్రచురిస్తే ఆయన్ని విశ్వవిద్యాలయం సస్పెండ్ చేసింది. తర్వాత తిరిగి తీసుకున్నారు గాని, చెప్పదలచుకున్నది ఏమిటో అందరికీ అర్థమైంది.

ఆ రోజుల్లో అమెరికా సెనేటర్లను ప్రజలు కాక రాష్ట్ర శాసనసభలు ఎన్నుకునేవి. 1899 జనవరిలో ఫ్రెడ్ వైట్‌సైడ్ అనే సభ్యుడు నిండు సభలో లేచి, క్లార్క్‌కు ఓటు వేయడం కోసం ఇచ్చినవని చెబుతూ ఒక్కోటి వెయ్యి డాలర్ల విలువైన ముప్ఫై నోట్లను బయటపెట్టాడు. అయినా క్లార్క్ గెలిచాడు. మరుసటి ఏడాది సెనేట్ కమిటీ ఆ ఎన్నిక చెల్లదని తేల్చగా రాజీనామా చేశాడు. ఇలాంటి ఉదంతాలే 1913లో సెనేటర్లను ప్రజలే ఎన్నుకునేలా దేశ రాజ్యాంగాన్ని సవరించడానికి దారితీశాయి. 1903లో డేలీ వారసత్వాన్ని అందుకున్న అమాల్గమేటెడ్ కంపెనీ, బ్యూట్‌లో ఒక జడ్జి తనకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చాడని గనులన్నీ మూసివేసింది. వేలాది మంది కూలి లేక రోడ్డున పడ్డారు. శాసనసభ ప్రత్యేకంగా సమావేశమై, కక్షిదారు జడ్జిని మార్చుకునే వీలు కల్పించే చట్టం చేస్తే గాని గనులు పూర్తిగా తెరుచుకోలేదు. తర్వాత అనకొండా అన్న పాత పేరుతోనే కొనసాగిన ఈ సంస్థను మోంటానాలో పేరు చెప్పనక్కర్లేకుండా కంపెనీ అనేవారు. రాష్ట్రంలోని పెద్ద దినపత్రికల్లో ఎక్కువ భాగం 1959 వరకు దానివే. గనిలో ప్రమాదం జరిగితే గని యజమాని పత్రికలోనే ఆ వార్త చదవాలి. వార్త కూడా ఒక ప్రజావనరే అనుకుంటే, అది కూడా అప్పుడు కంపెనీ సొత్తే.

ఈ పట్టుకు ఎదురుగా 1912లో ఓటర్లు తామే ప్రతిపాదించి, తామే ఓటు వేసి ఒక చట్టం తెచ్చుకున్నారు. కంపెనీలు ఎన్నికల్లో డబ్బు పెట్టరాదన్నది దాని సారం. నూరేళ్లు నిలిచిన ఆ చట్టాన్ని 2012లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టివేసింది.

అసలు మలుపు 1972. పాత రాజ్యాంగాన్ని పక్కనబెట్టి కొత్తది రాయడానికి వంద మందిని ప్రజలు ఎన్నుకున్నారు. ఒకే వ్యక్తి రెండు ప్రభుత్వ పదవులు నిర్వహించరాదని కోర్టు చెప్పడంతో పదవిలో ఉన్న శాసనసభ్యులెవరూ అందులో లేరు. గృహిణులు, రైతులు, ఉపాధ్యాయులు, పాస్టర్లు ఉన్నారు. పందొమ్మిది మంది మహిళలు ఉన్నారు. పార్టీలవారీగా కాక ఇంగ్లీషు అక్షరక్రమంలో కూర్చున్నారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కాని, పక్క కుర్చీలో ప్రత్యర్థి పార్టీ మనిషి రెండు నెలల పాటు కూర్చుంటే ఓటు వేసే తీరు మారుతుందని నేను నమ్ముతాను. వారు రాసినదానిలో మూడు అంశాలు మన విషయానికి కీలకం. శుభ్రమైన, ఆరోగ్యకరమైన పర్యావరణం పౌరుడి జన్మహక్కు అని హక్కుల జాబితాలోనే చేర్చారు. ప్రభుత్వ పత్రాలను పరిశీలించే హక్కును, ప్రభుత్వ సంస్థల సమావేశాలను చూసే హక్కును స్పష్టంగా ఇచ్చారు. రాష్ట్ర సరిహద్దుల్లోని నీరంతా ప్రజల వినియోగం కోసం రాష్ట్ర ఆస్తి అని ప్రకటించారు. అదే ఏడాది జూన్ 6న జరిగిన ఓటింగులో అనుకూలంగా 1,16,415, వ్యతిరేకంగా 1,13,883 ఓట్లు పడ్డాయి. కేవలం 2,532 ఓట్ల తేడా మీద ఆ రాష్ట్రపు వనరుల భవిష్యత్తు మలుపు తిరిగింది.

కొత్త రాజ్యాంగం వచ్చిన మూడేళ్లకు బొగ్గు రూపంలో పరీక్ష ఎదురైంది. తూర్పు మోంటానాలో, కోల్‌స్ట్రిప్ పరిసరాల్లో, నేలను ఒలిచి తీసే బొగ్గుకు 1970ల చమురు సంక్షోభంతో గిరాకీ పెరిగింది. రాగి విషయంలో జరిగింది మళ్లీ జరగకూడదన్న పట్టుదలతో 1975లో శాసనసభ బొగ్గు అమ్మకపు ధర మీద 30 శాతం దాకా పన్ను వేసింది. మరుసటి ఏడాది ఓటర్లు రాజ్యాంగాన్ని సవరించి, 1980 నుంచి ఆ పన్నులో సగం ఒక శాశ్వత నిధికి పోయేలా, ఉభయ సభల్లోనూ నాలుగింట మూడు వంతుల ఓట్లు లేకుండా అసలును కదపకుండా కట్టుదిట్టం చేశారు. బొగ్గు ఒకసారి తవ్వితే అయిపోతుంది, కనుక అయిపోనిదేదో వెనక మిగలాలన్నదే ఇందులోని ఆలోచన. బొగ్గులో తొంభై శాతం దాకా ఇతర రాష్ట్రాలకే పోతోందని, కాబట్టి ఈ పన్ను బయటివారి మీద భారమని విద్యుత్ సంస్థలు, బొగ్గు కంపెనీలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 1981లో కోర్టు 6-3 ఓట్ల మెజారిటీతో మోంటానా పక్షాన నిలిచింది. ఆ తర్వాత వ్యాపారం పక్క రాష్ట్రాలకు తరలుతోందన్న భయంతో శాసనసభ తానే పన్నును సగానికి తగ్గించింది. కోర్టులో గెలిచిన దాన్ని మార్కెట్ ఒత్తిడికి వదులుకోవడం బాధాకరమే. అయినా ఆ నిధి నేడు వంద కోట్ల డాలర్లు దాటింది, దాని వడ్డీతో నీటి పథకాలు నడుస్తున్నాయి.

నీటి దగ్గరకు వస్తే చిక్కుముడి ఇంకా బిగుస్తుంది. అమెరికా పశ్చిమాన నీటి న్యాయం ఒక్క మాటలో చెప్పాలంటే, ముందు వాడుకున్నవాడిదే ముందు హక్కు. ఏటి ఒడ్డున పొలం ఉన్నంత మాత్రాన నీరు రాదు. ఎవరు ముందుగా కాలువ తవ్వి నీటిని పనికి పెట్టారో వారి తేదీ లెక్క. కరువు ఏడాది వెనక తేదీ వాడి గేటు మూసి ముందు తేదీ వాడికి నీళ్లు వదులుతారు. 1905లో మిల్క్ నదిలో నీరు తగ్గి, ఎగువన ఉన్న వలసరైతులు అంతా తోడేసుకోవడంతో దిగువన ఫోర్ట్ బెల్‌నాప్ రిజర్వేషన్‌లోని మూలవాసుల పొలాలు ఎండాయి. తాము ముందు కాలువ తవ్వామని రైతులు వాదించారు. 1908లో సుప్రీంకోర్టు ఇచ్చిన విన్టర్స్ తీర్పు వారి వాదాన్ని తోసిపుచ్చింది. సాగు చేసుకుని బతకమని నేలను అట్టిపెట్టినప్పుడు, ఆ నేల పండటానికి కావలసిన నీటిని కూడా అట్టిపెట్టినట్లేనని, ఆ హక్కు వాడుకతో కాక రిజర్వేషన్ ఏర్పడిన 1888తో మొదలవుతుందని దాని సారాంశం. ఆ తర్వాత అమెరికా పశ్చిమ రాష్ట్రాలన్నిటిలో మూలవాసుల నీటి హక్కుకు ఈ చిన్న నది మీది తగాదాయే పునాది అయింది. ఫ్లాట్‌హెడ్ రిజర్వేషన్‌లోని సేలిష్, కూటెనాయ్ తెగలతో జల ఒప్పందానికి రాష్ట్ర శాసనసభ 2015లో, అమెరికా కాంగ్రెస్ 2020లో ఆమోదం తెలిపాయి. అదే 2015లో తమ నది మీద 1938లో కట్టిన ఆనకట్టను ఆ తెగలు సొంతం చేసుకున్నాయి.

నీరు రాష్ట్రానిది సరే, ఆ నీటిలో నిలబడే హక్కు ఎవరిది? 1980ల్లో డియర్‌బోర్న్, బీవర్‌హెడ్ నదుల ఒడ్డున భూములున్నవారు పడవల్ని అడ్డగించారు. నీటి అడుగు నేల మాది అన్నది వారి వాదం. 1984లో మోంటానా సుప్రీంకోర్టు రెండు తీర్పుల్లో, అడుగు నేల ఎవరిదైనా సరే, నీరు ప్రజలది కాబట్టి వినోదానికి పనికొచ్చే ప్రతి ఏరునూ ప్రజలు వాడుకోవచ్చని చెప్పింది. మరుసటి ఏడాది శాసనసభ దాన్ని చట్టం చేసింది. ఆ చట్టం ప్రకారం హద్దు నీరు సాధారణంగా ఎక్కే ఎత్తు వరకు. ఒడ్డున నిలబడి చూస్తే అది కంటికి కనిపిస్తుంది: కింద రాళ్లు, ఇసుక నున్నగా కడిగేసినట్టు ఉంటాయి, ఒక చోట నుంచి మట్టి మారి గడ్డీ పొదలూ మొదలవుతాయి. ఆ గీతకు దిగువన గాలం వేసే మనిషి ఎవరి పొలం మధ్యలోనైనా నడిచిపోవచ్చు. గీత దాటి రెండడుగులు పైకి వేస్తే మాత్రం చొరబాటుదారు అవుతాడు. పొలం మీదుగా నది దగ్గరకు రావడానికీ వీల్లేదు. ఊరి రోడ్డు వంతెన దగ్గర దిగాలి. ఆ వంతెనల దగ్గర కంచె వేయవచ్చా అన్న తగాదా మీద మళ్లీ 2009లో ఒక చట్టం, 2014లో ఒక తీర్పు అవసరమయ్యాయి.

నదీగర్భం గురించి రాష్ట్రం స్వయంగా ఓడిన కేసు ఒకటుంది, నాకు ఎంతో ఆసక్తి కలిగించినది అదే. రాష్ట్రం ఏర్పడిన నాటికి పడవలు నడిచే నదుల అడుగు నేల రాష్ట్రానిదన్నది అమెరికా న్యాయం. ఆ లెక్కన జలవిద్యుత్ ఆనకట్టలు రాష్ట్రపు నేల మీదే నిలబడ్డాయి కాబట్టి అద్దె కట్టాలని, ఆ సొమ్ము బడులకు చెందాలని మోంటానా కోర్టులో వాదించింది. కింది కోర్టుల్లో 4 కోట్ల డాలర్ల పైచిలుకు గెలిచింది. 2012లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ తీర్పును కొట్టివేసింది. నదిని మొత్తంగా కాక భాగాలుగా చూడాలని, గ్రేట్ ఫాల్స్ జలపాతాల దగ్గర మిస్సోరి నది పడవలు నడిచేది కాదని అన్నది. అందుకు చూపిన సాక్ష్యం 1805 నాటి లూయీస్, క్లార్క్ అనే అన్వేషకుల యాత్ర (ఈ క్లార్క్ గనుల క్లార్క్ కాదు). కాటన్‌వుడ్ చెట్టు మొద్దును అడ్డంగా కోసి చక్రాలు చేసి, పడవల్ని బండ్లకెక్కించి, నాగజెముడు ముళ్లు తోలు చెప్పుల్లోంచి పాదాల్లో దిగుతుండగా, వాళ్లు ఆ జలపాతాల పక్కన పదకొండు రోజులకు పైగా సామాన్లు లాగారు. ఆ లాగుడు రాసిపెట్టిన దినచర్య రెండువందల ఏళ్ల తర్వాత ఒక అద్దె తగాదాను తేల్చింది.

ఆ కేసులోని ఆనకట్టలు అంతకుముందు మోంటానా పవర్ అనే స్థానిక సంస్థవి. 1997లో రాష్ట్రం విద్యుత్ మీద నియంత్రణ ఎత్తివేయగానే ఆ సంస్థ వాటిని బయటి కంపెనీకి అమ్మి, టెలికాం వ్యాపారంలోకి దిగి, 2003లో దివాలా తీసింది. పదకొండు ఆనకట్టలను 2014లో సుమారు 90 కోట్ల డాలర్లు పెట్టి మరో విద్యుత్ సంస్థ కొన్నది. చౌక కరెంటుకు పేరుపడ్డ రాష్ట్రపు వినియోగదారులు ఆ ఖర్చును బిల్లుల్లో మోస్తున్నారు.

పర్యావరణ హక్కు కాగితం మీది మాటా, అమలయ్యే హక్కా అన్నది తేలడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. అది ప్రాథమిక హక్కేనని, కాలుష్యం జరిగి మనుషులు జబ్బుపడేదాకా వేచి ఉండనక్కర్లేదని 1999లో రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. 2020లో పదహారు మంది పిల్లలు, యువకులు దావా వేశారు. గనులకు, విద్యుత్ కేంద్రాలకు అనుమతులిచ్చేటప్పుడు వాతావరణం మీద ప్రభావాన్ని లెక్కలోకి తీసుకోవద్దని రాష్ట్రం చేసిన చట్టం 1972 రాజ్యాంగానికి విరుద్ధమన్నది వారి వాదం. 2023 ఆగస్టులో జిల్లా జడ్జి కాథీ సీలీ వారితో ఏకీభవించారు. 2024 డిసెంబరు 18న రాష్ట్ర సుప్రీంకోర్టు 6-1 ఓట్ల మెజారిటీతో ఆ తీర్పును ఖాయం చేసింది.

ఇంతలో బ్యూట్‌లో పాత లెక్క ఇంకా తేలలేదు. 1955లో కంపెనీ సొరంగాలు వదిలి, ఊరి పక్కనే బర్క్‌లీ పిట్ అనే బహిరంగ గొయ్యి తవ్వడం మొదలుపెట్టింది. గొయ్యి పెరిగిన కొద్దీ మీడర్‌విల్ లాంటి పేటలు దానిలో కలిసిపోయాయి. క్లార్క్ ఒకనాడు ఊరి జనానికి కట్టించి ఇచ్చిన కొలంబియా గార్డెన్స్ అనే ఉద్యానాన్ని 1973లో తవ్వకాల కోసం మూసేశారు. రాగి ధర పడిపోయాక, 1982లో కొత్త యజమాని పంపులు ఆపేసింది. సొరంగాల్లోంచి ఊరిన నీరు ఖనిజంతో కలిసి ఆమ్లమై, రాగి, ఆర్సెనిక్, కాడ్మియంలతో గొయ్యి నిండింది. 1995లో వలస వచ్చిన మంచు బాతులు ఆ నీటి మీద వాలితే 342 చనిపోయాయి. నీటిమట్టం సముద్రమట్టానికి 5,410 అడుగులు దాటితే భూగర్భ జలాల్లోకి, వాగులోకి విషం చేరుతుంది కాబట్టి, దాన్ని అంతకు దిగువనే ఉంచేలా ఎప్పటికప్పుడు తోడి, శుద్ధి చేయాలి; ఆ ఖర్చు కంపెనీల వారసులదని 2002లో కోర్టు ఒప్పందం కుదిరింది. 2019 నుంచి శుద్ధి చేసిన నీటిని సిల్వర్ బో వాగులోకి వదులుతున్నారు. వలసల కాలం రాగానే గొయ్యి అంచున మనుషులు బైనాక్యులర్లతో కాపలా కాస్తారు, బాతుల గుంపు కిందికి దిగుతుంటే తుపాకీ పేల్చి బెదరగొట్టి పైకి లేపుతారు.